వాపస్ తీసుకున్న మాట

మా బ్యాండు పేరు రాణిఖేత్. వినగానే అందరూ ఏదో కొండల మీది ఊరు అనుకుంటారు. కాదండీ, కోళ్లకొచ్చే తెగులు. హేమచంద్ వాళ్ల నాన్న వెంకటేశ్వరరావు గారు బ్యాంకు ఉద్యోగం చేస్తూనే లాల్‌గడి మలక్‌పేట్ శివార్లో కాస్త పొలం కొని కోళ్ల షెడ్డు వేయించారు. తొంభై అయిదులో ఆ తెగులు తగిలి వారం తిరక్కుండా షెడ్డు ఖాళీ అయిపోయింది. ఆయన తాళం వేసి మళ్లీ అటు చూడలేదు. తాళంచెవి కొడుకు కొట్టేశాడు. అలా పుట్టింది మా బ్యాండు.

ముగ్గురమే. హేమచంద్ గిటారు వాయిస్తాడు, మల్లేష్ డ్రమ్స్, నేను పాడతాను. నా పేరు సుప్రజ. హేమచందూ నేనూ షామీర్‌పేటలో కొత్తగా కట్టిన కాలనీ పిల్లలం. గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మావి. మల్లేష్ అక్కడివాడే. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళంతో డ్రమ్ము కొట్టేవాడు. వాళ్ల బాపు కుర్మయ్య షామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. అమ్మ సాలమ్మ వాటిని గంపకెత్తుకుని మా కాలనీలో అమ్మేది. మా అమ్మ ఆవిడతో గంటసేపు గీచి గీచి బేరమాడకుండా ఒక్క చేప కొన్న పాపాన పోలేదు.

మొదటి రెండేళ్లూ మాది ఒకటే పద్ధతి. గిటారు మీద మూడు కార్డ్స్, రెండు నిమిషాల పాట, మిగతాదంతా అరుపు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి పాత గుడ్ల అట్టలు అతికించాం. మేడ్చల్లో ఒక రేడియో మెకానిక్ పాత సినిమా హాలు స్పీకరుతో ఆంప్లిఫయరు చేసిచ్చాడు. అది పలికినదానికంటే గీపెట్టింది ఎక్కువ. రాని బస్సు మీద ఒక పాట, పోయిన కరెంటు మీద ఒక పాట. ఇలాంటిదాన్ని గరాజ్ రాక్ అంటారని తర్వాత తెలిసింది. మా ముగ్గురికీ కలిపి ఉన్నవి రెండు సైకిళ్లు, కారు పెట్టుకునే గరాజ్ ఎక్కడిది మాకు! మల్లేష్ దెబ్బకి షెడ్డు గోడల మీది ఇనప జాలీ మొత్తం వణికేది. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ వాయించేవాడు. ఆ రోజులు తల్చుకుంటే ఏడుపొస్తుంది నాకు.

పోయినేడు హేమచంద్‌కి పిచ్చి పట్టుకుంది. ఎవరో ఇచ్చిన విదేశీ క్యాసెట్లు విన్నాడు. కాళ్ల దగ్గర నాలుగు పెడల్స్ పరుచుకున్నాడు. ఒకటి తొక్కితే శబ్దం చిక్కబడుతుంది. ఇంకోటి తొక్కితే మీటిన తీగే మళ్లీ మళ్లీ పలుకుతుంది. వాయించినంతసేపూ తల వంచుకుని వాటినే చూస్తుంటారు కాబట్టి ఆ సంగీతానికి షూగేజ్ అని పేరట, అంటే బూట్ల వంక చూడటం.

"చెప్పులు పోగొట్టుకున్నోని లెక్క గా కింద జూసుడేందిరా" అని మల్లేష్ ఏడిపించేవాడు.

రెండు నిమిషాల పాటలు ఏడు నిమిషాలయ్యాయి. గొంతు పొగమంచులో ఎక్కడో దూరంగా ఉండాలట, మాట తెలియకూడదట. నాకు ఒళ్లు మండిపోయేది. "తెలియకపోతే మరి నేనెందుకురా, నా మొహం!" అని పోట్లాడేదాన్ని. కానీ ఒక సాయంత్రం కళ్లు మూసుకుని ఊరికే విన్నాను. షెడ్డు లేదు, నేను లేను, ఒక్క శబ్దమే ఉంది. అంత హాయిగా నాకెప్పుడూ లేదు. ఆ రోజు నుంచి నేనూ వాడి పక్షమే.

ఈ ఆగస్టులో ఒక సాయంత్రం మల్లేష్ బాపుతో చెరువు మీదికి పోవాలి. వల లాగడానికి రెండో మనిషి కావాలి. "ఇంకొక్కసారి వాయించి పోరా" అన్నాడు హేమచంద్. నేనూ అన్నాను. ఒక్కసారి కాస్తా మూడుసార్లయింది. కుర్మయ్య చూసి చూసి ఒక్కడే పోయాడు. మర్నాడు తెప్ప దొరికింది. ఆ మర్నాడు ఆయన దొరికాడు.

మల్లేష్ ఏడవలేదు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

సాలమ్మ మాత్రం భర్త మీద పడి శోకం పెట్టింది. "ఓ మల్లేషు నాయినో... నన్నెవలికి ఒప్పజెప్పి పోతివో... నన్ను గూడ తోల్కపో..." అని రాగం తీసి, గుండె బాదుకుంటూ. అప్పుడే పక్కన హేమచంద్ చెయ్యి చొక్కా జేబులోకి పోవడం చూశాను. వాడి జేబులో చిన్న టేప్ రికార్డరు ఎప్పుడూ ఉంటుంది. కప్పల అరుపులు, లారీ హారన్లు, గుళ్లో గంటలు, ఏది విన్నా పట్టేస్తాడు. టక్కుమన్న చప్పుడు నాకు వినపడింది. చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

పది రోజుల తర్వాత ఆ క్యాసెట్ బయటికి తీశాడు. "నన్ను గూడ తోల్కపో" అన్న ముక్క మాత్రం రీలులోంచి కత్తిరించి, రెండు కొసలూ అతికించి గుండ్రంగా తిరిగేలా చేశాడు. ఇక అది ఆగదు. ఆ ఒక్క మాటే ఏడు నిమిషాలు. దాని మీద గిటారు పొరలు పొరలుగా వేశాడు. గొంతు ఎవరిదో మల్లేష్ పోల్చుకోకూడదని, అదే మాట నేను కూడా పైన పాడాను. ఒకసారి కాదు, పన్నెండుసార్లు, ఒకదాని మీద ఒకటి. సిగ్గులేకుండా చెప్తున్నాను, మేం చేసినవాటిలో అంత గొప్ప పాట ఇంకోటి లేదు.

దినాలయ్యాక మల్లేష్ వచ్చాడు. విన్నాడు. "సుప్రజా, మస్తు పాడినవ్" అన్నాడు. నేను నీళ్లు తాగే వంకతో బయటికి పోయాను.

సోమ, బుధ, శుక్రవారాలు మా ప్రాక్టీసు. ఆరున్నరకి పాట పెట్టి, దాని మీద మల్లేష్ డ్రమ్స్ సరిచూసుకునేవాళ్లం. రెండో వారంలో షెడ్డులో వాసన మొదలైంది. పాత ఊక వాసన మాకు అలవాటే. ఇది అది కాదు. తడి వల వాసన, నాచు వాసన. పాట మొదలైతే వచ్చేది, ఆగితే పోయేది. ఒకరోజు చెరువు వైపున్న జాలీ పట్టుకుంటే చేతికి తడి తగిలింది. మిగతా మూడు వైపులా పొడిగానే ఉంది. వాన పడి నాలుగు రోజులైంది. హేమచంద్‌కి చూపిస్తే, మంచులే అన్నాడు. సెప్టెంబర్లో సాయంత్రం ఆరున్నరకి మంచేమిటి వాడి తలకాయ!

అక్టోబరులో ఒక సోమవారం మల్లేష్ ఆలస్యంగా వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"మా అమ్మతోని మస్తు పరేషాన్ అయితాంది సుప్రజా" అన్నాడు, కర్రలు చేతిలో తిప్పుతూ. "పొద్దుగూకంగనే లేసి చెరువు దిక్కు నడుస్తాంది. ఎంత పిల్సినా ఇనది. మొన్న బుధారం నేను ఈడికెల్లి పోయి నడుమెత్తు నీళ్లల్లకెళ్లి గుంజుకొచ్చిన. ఏందే అంటే, మీ బాపు పిలుస్తుండు, పోవాలె అంటది."

"రోజూ పోతోందా?"

"లే. పోయిన సోమారం పోయింది. బుధారం పోయింది. శుక్రారం పోలే. అన్నం దిని సల్లగ పండుకున్నది."

పోయిన శుక్రవారం షెడ్డులో కరెంటు లేదు. పాట పెట్టలేదు.

మల్లేష్ వెళ్లాక హేమచంద్ చొక్కా పట్టుకున్నాను. ఆ రీలు కాల్చెయ్యమన్నాను. వాడు నా వంక జాలిగా చూశాడు. "పిచ్చిదానిలా మాట్లాడకు. బుధవారం ఆఖరిసారి, అంతే. పాట పూర్తయిపోతుంది."

"ఆవిడ చెరువులో పడి చస్తే?"

"మల్లేష్ ఉన్నాడుగా కాపలా."

చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. మంగళవారమంతా మల్లేష్‌కి చెప్పేయాలని వాళ్ల వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చాను. ఏమని చెప్పను? మీ అమ్మ ఏడుపు దొంగిలించి పాట కట్టామని చెప్పనా? నోరు రాలేదు.

బుధవారం ఎలాగైనా ఆపాలని ఆరింటికే బయల్దేరాను. సైకిల్ చైను ఊడింది, ఆరున్నర దాటింది. షెడ్డు ఇంకా దూరంగా ఉండగానే పాట వినపడుతోంది. వాడు మొదలుపెట్టేశాడు. లోపల ఒకే ఒక బల్బు. వాడు తల వంచుకుని పెడల్స్ చూస్తూ వాయిస్తున్నాడు. వాసన ఎంత గట్టిగా ఉందంటే, చున్నీతో ముక్కు మూసుకున్నాను.

"ఆపరా!" అని అరిచాను. వాడికి వినపడలేదు.

అప్పుడే తలుపు దగ్గర సైకిల్ పడిన చప్పుడయింది. మల్లేష్. తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నాడు. ఆవిడ చీర గుండెలదాకా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఇంట్లో ఒంటరిగా వదిలే ధైర్యం లేక వెంట తెచ్చుకున్నాడు. మేం ఉన్నామనే ధైర్యంతో తెచ్చుకున్నాడు.

సాలమ్మ గడపలో ఆగింది. తల ఒక పక్కకి వంచి వింది.

"గిది నా గొంతు" అంది మెల్లగా.

మల్లేష్ స్పీకరు వంక చూశాడు. తర్వాత నా వంక. వాడి మొహం చూడలేకపోయాను.

"నిజమేనా సుప్రజా?"

తలూపాను.

హేమచంద్ గిటారు వదిలేసి పరిగెత్తి బటన్ నొక్కాడు. క్యాసెట్ చక్రాలు ఆగిపోయాయి. మాట ఆగలేదు.

నన్ను గూడ తోల్కపో...

పెడల్స్ అన్నీ తన్నేశాడు. ఆంప్లిఫయరు వైరు పీకేశాడు. స్పీకరు మూగబోయింది.

నన్ను గూడ తోల్కపో...

ఇప్పుడది స్పీకరులోంచి రావట్లేదు. జాలీ అవతల నుంచి వస్తోంది. చెరువు వైపు నుంచి. అంతలో బల్బు ఆరిపోయింది.

చీకటి. కప్పలు అరుస్తున్నాయి. ఉన్నట్టుండి అవి కూడా ఆగిపోయాయి. తడి మట్టిలోంచి కాలు పీకి మళ్లీ వేస్తున్న చప్పుడు. ఒక అడుగు... ఆగింది. ఇంకో అడుగు... జాలీకి ఏదో ఆనుకుంది. ఇనప తీగ కిర్రుమని లోపలికి వంగింది. నా పక్కన హేమచంద్ పళ్లు టకటకా కొట్టుకోవడం వినపడుతోంది.

సాలమ్మ ఒక్కతే భయపడలేదు.

"ఎంత పని జేస్తిరి బిడ్డా" అంది చీకట్లో. కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "శోకంల తోల్కపో అనంది ఎవలు? అందరం అంటం. పిట్టకు వెట్టిన్నాడు గా మాట వాపస్ తీస్కుంటం. నేను రాను, నాకు పిల్లలున్నరు, నువ్వు పో అని చెప్పి సాగదోల్తం. నేను జెప్పిన. ఆయన పోయిండు. మీరేమో దినాం నా తోని మల్ల పిలిపిస్తుంటిరి."

హేమచంద్ శోకాన్ని పట్టాడు. వాపస్ తీసుకున్న మాటని ఎవడూ పట్టలేదు. పిట్టకి పెట్టిన రోజు, అంటే మూడోనాడు కాకులకి ముద్ద పెట్టే రోజు, మేం అక్కడికి పోనేలేదు.

తడి చీర ఈడుస్తూ ఆవిడ జాలీ దగ్గరికి నడిచింది. "మల్లేషు నాయినా" అంది, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే. "నేను రానయ్యా. నాకు పిల్లగాడున్నడు. అండ్లకెల్లి నేను పిలిసింది కాదు. నువ్వు నడువు."

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు గూడ అంటివి గద బిడ్డా. నీ గొంతు గూడ ఉన్నది. నువ్వు గూడ వాపస్ తీస్కో."

"నేను రాను" అన్నాను. గొంతు కీచుమంది. "పన్నెండుసార్లు అన్నాను... నేను రాను. నేను రాను." ఎన్నిసార్లన్నానో తెలీదు. ఏడుస్తూ అన్నాను.

జాలీ నెమ్మదిగా సర్దుకుంది. పోయింది అనుకున్నాను. అమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు అవతల నుంచి ఒక మగ గొంతు. గట్టిగా కాదు. పని నుంచి వచ్చి, అలసిపోయి, గడపలో అడిగినట్టు.

"మరెవలొస్తున్రు?"

పలక్కూడదని నాకు కూడా తెలిసింది...

"నేనొస్త బాపు" అన్నాడు మల్లేష్.

ఆ గొంతులో రెండు నెలల ఏడుపుంది. "గా దినం రమ్మంటే రాలే. ఒక్కనివే పోయినవ్. ఇప్పుడొస్త."

సాలమ్మ కేక నా ఒంట్లో ఇప్పటికీ ఉంది. చీకట్లో కొడుకు మీద పడింది. చెంపల మీద కొట్టిన చప్పుడు, చొక్కా చిరిగిన చప్పుడు. "వాపస్ తీస్కోరా! రాను అను! నా కొడకా, నీ కాళ్లు మొక్కుత, అను!" మల్లేష్ పలకట్లేదు. నేను కూడా పోయి వాడి భుజాలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. "అనరా మల్లేష్, అనరా" అని ఊపేశాను. జాలీ మళ్లీ లోపలికి వంగుతోంది...

"రాను" అన్నాడు చివరికి. "రాను బాపు."

ఈ చెవులతో విన్నాను నేను. మూరెడు దూరంలో ఉన్నాను. స్పష్టంగా అన్నాడు.

తీగ టంగుమని సాగి నిలబడింది. కప్పలు అరవడం మొదలుపెట్టాయి. వాసన పోయింది. కాసేపటికి కరెంటొచ్చింది. మల్లేష్ నేల మీద కూర్చుని ఉన్నాడు. సాలమ్మ తన కొంగు వాడి మణికట్టుకి కట్టేసి, తల ఒళ్లో పెట్టుకుని వెంట్రుకలు సవరిస్తోంది. హేమచంద్ క్యాసెట్లోంచి రీలు బారలు బారలుగా లాగి, బయట కుప్ప పోసి నిప్పంటించాడు. మర్నాడు గిటారు కూడా ఇచ్చేశాడు ఎవరికో. మా బ్యాండు అలా అయిపోయింది.

ఇది జరిగి నెల. పది రోజుల క్రితం హేమచంద్ మా ఇంటికొచ్చి ఒక చిన్న క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం కూడా వాడి జేబులో రికార్డరు తిరుగుతూనే ఉందట. కరెంటు పోయినా అది బ్యాటరీల మీద నడుస్తుంది. "నేను వినలేను. కాల్చడానికి కూడా భయంగా ఉంది" అని వెళ్లిపోయాడు.

పట్టపగలు, అమ్మ వంటింట్లో ఉండగా, గది తలుపు తీసే ఉంచి విన్నాను. అంతా పడింది. నా అరుపు, సైకిల్ పడటం, సాలమ్మ "నేను రానయ్యా" అనడం, నా ఏడుపు. ఆ మగ గొంతు పడింది. "నేనొస్త బాపు" పడింది. చెంపదెబ్బలు పడ్డాయి. "అను నా కొడకా, అను!" పడింది. నేను "అనరా" అన్నది పడింది.

ఆ తర్వాత ఏమీ లేదు. కొద్ది క్షణాలు రీలు తిరిగే చప్పుడే. అది కాగానే సాలమ్మ గొంతు, "గట్ల... గట్లను నా తండ్రి" అని.

మల్లేష్ అన్న మాట అందులో లేదు.

వెనక్కి తిప్పి విన్నాను. చెవికి ఆనించి విన్నాను. బ్యాటరీలు మార్చి విన్నాను. ఆ రోజు నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మాట పట్టేంత జాగా ఉంది. మాట లేదు.

ఇవాళ పొద్దున సాలమ్మ గంప దించి మా గేటు దగ్గర కూర్చుంది. అమ్మ గిన్నె కోసం లోపలికెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచింది. మనిషి సగమైపోయింది.

"బిడ్డా, గా రాత్రిది క్యాసెట్ల పడ్డదని మీ దోస్తు చెప్పిండు. నా కొడుకు రాను అన్నది గూడ పడ్డదా?" గుసగుసగా అడిగింది. "నేనే ఇన్న. గని రాత్రిళ్లు నిద్ర వడ్తలేదు. అన్నడా, నేను అట్ల అనుకున్ననా అని గుబులైతాంది."

ఆవిడ కళ్లలోకి చూశాను. ఇన్ని రోజులూ నోరు మూసుకుని చేసిన పాపం చాలదన్నట్టు, ఇప్పుడు నోరు తెరిచాను.

"పడిందమ్మా. బాగా పడింది."

"సాలు బిడ్డా. ఇగ సాలు" అంది. కళ్లు తుడుచుకుని, నేను వద్దంటున్నా అమ్మ తెచ్చిన గిన్నెలో ఇంకో చేప ఎక్కువేసింది. గంప నెత్తికెత్తుకుని లేచింది. వీధి చివర మల్లేష్ సైకిల్ పట్టుకుని తల్లి కోసం ఆగి ఉన్నాడు. చెయ్యి ఊపాను. వాడు నా వైపు చూడట్లేదు. పక్కనున్న ఖాళీ ప్లాటు వైపు తిరిగి ఉన్నాడు. అక్కడ ఎవరూ లేరు. వాడు శ్రద్ధగా వింటున్నాడు, మధ్య మధ్యలో సరే సరే అన్నట్టు తలూపుతున్నాడు.